వదిన వెతికిన నేల

మా వదిన పోయిందన్న కబురు నాకు ఇపో పట్నంలో, నేను పనిచేసే బస్సుల వర్క్‌షాపులో అందింది. బస్సు కింద వెల్లకిలా పడుకొని ఉన్నాను. ఆఫీసు గుమాస్తా వంగి, తాపా ఆసుపత్రి నుంచి టెలిఫోను వచ్చిందని, పొద్దున్నే ప్రాణం పోయిందని చెప్పాడు. సగం విప్పిన బోల్టును మళ్ళీ గట్టిగా బిగించి బయటికి వచ్చాను. ఎందుకు బిగించానో ఇప్పటికీ తెలియదు.

మర్నాడు ఆవిడ బతికిన రబ్బరు తోటలోనే మట్టి చేశాం. కూలీల లైను ఇళ్ళలోని తెలుగువాళ్ళూ తమిళవాళ్ళూ అందరూ వచ్చారు. నేనెరగని మనుషులు కూడా బస్సులు మారి వచ్చారు. వాళ్ళలో చాలామందికి ఆవిడ పేరు తెలియదు. "మెషినమ్మ" అన్నారు. ఇప్పుడు ఆవిడ ఎక్కడ పడుకొని ఉందో నాకు తెలుసు. కళ్ళు మూసుకొని వెళ్ళి ఆ మట్టి మీద చెయ్యి పెట్టగలను. ఈ మాట రాయగలగడం ఎంత భాగ్యమో మా ఇంటి సంగతి ఎరిగినవాళ్ళకే తెలుస్తుంది. ఎరగనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మా అమ్మ నన్ను కన్నాక ఎక్కువ కాలం బతకలేదు. అన్నకు పెళ్ళయి వదిన కాపురానికి వచ్చేనాటికి నేను ఇంకా ఎత్తుకోవలసిన పిల్లవాణ్ణి. పనిలోకి నన్ను వీపున కట్టుకొని వెళ్ళేది. గోనె పరిచి చెట్టు మొదట్లో కూర్చోబెట్టి, తన వరస రబ్బరు చెట్లన్నీ గీసి పాల బకెట్లతో తిరిగి వచ్చేది. చీమలు కుడితే వేపాకు నూరి రాసేది. వాళ్ళకు పిల్లలు కలగలేదు. అడిగినవాళ్ళతో నన్ను చూపించి "ఈడు ఉన్నాడు కాదేటి" అనేది. అన్న నెమ్మదైన మనిషి. మాట్లాడటానికి బద్ధకించేవాడు. ఇంట్లో మాటలన్నీ ఆవిడవే.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ మలాయి దేశానికి వచ్చినప్పుడు ఒక జత వెండి కడియాలు తెచ్చుకున్నాడట. ఒకటి అన్న కుడిచేతికి ఉండేది. రెండోది నా పెళ్ళికని వదిన రేకు పెట్టెలో దాచింది.

అడవిలో దాగిన కమ్యూనిస్టుల మీద ఇంగ్లీషు దొరలు ఎమర్జెన్సీ పెట్టిన రోజుల్లో మా లైను ఇళ్ళను రోడ్డు పక్కకు మార్చి చుట్టూ ముళ్ళకంచె వేశారు. పొద్దుట పనిలోకి వెళ్ళేవాళ్ళను గేటు దగ్గర పోలీసులు తడిమి చూసేవారు. అడవిలోవాళ్ళకు బియ్యం చేరకూడదని అన్నం మూట కూడా పట్టుకెళ్ళనిచ్చేవారు కారు. అడవిలోవాళ్ళు చెట్ల మధ్య ఎదురై బియ్యం తెమ్మనేవారు. తెస్తే వీళ్ళు పట్టుకుంటారు, తేకపోతే వాళ్ళు ఊరుకోరు. అలాంటి రోజుల్లో ఒకనాడు, వాగు పక్కనున్న పాత తోట గీయడానికి వెళ్ళిన అన్న తిరిగి రాలేదు. సైకిలు దొరికింది. పాల బకెట్లు చెట్టుకు ఆనించి ఉన్నాయి. పోలీసులు వెతికారు, సిపాయిలు వెతికారు. ఆపైన ఆ తోటలోకి ఎవరూ వెళ్ళకూడదని ఆర్డరు వేశారు.

నెలలు గడిచాక లైనులోని పెద్దవాళ్ళు వదిన చుట్టూ చేరారు. పోయినట్టే కదా, కర్మ చేసేద్దాం, బొట్టు తీసెయ్యమన్నారు. "మనిషిని సూడకుండా బొట్టు తియ్యను" అంది వదిన. ఆదివారం ఆదివారం అన్న చెట్లు గీసే రెండో కత్తిని సానరాయి మీద నూరి, నూనె రాసి, చూరులో పెట్టేది. తుప్పు పడితే వచ్చినాక ఏటితో గీస్తాడు అనేది. మొదట్లో నమ్మి అనేది. తరవాత తరవాత ఆ మాట అనడం మానేసింది, నూరడం మానలేదు.

ఆ కత్తి చప్పుడు వింటూ నేను పెద్దవాణ్ణయ్యాను. తను ఒక్కతే గీసి, నన్ను తోట బడి నుంచి ఇపో దాకా పంపింది. చేతికి పని నేర్పించిన మేస్త్రీ దగ్గరికి స్వయంగా తీసుకెళ్ళి, "మా బాబుని తిట్టండి గానీ కొట్టకండి" అని అప్పగించింది.

మెర్దేకా నాడు నేను సెలవు పెట్టి తోటకు వచ్చాను. ఆఫీసు ముందు కొత్త జెండా కట్టారు. పిల్లలకు మిఠాయిలు పంచారు. వదిన మా తోట కిరాణి దగ్గరికి, అంటే ఆఫీసు గుమాస్తా దగ్గరికి వెళ్ళి, మెర్దేకా అంటే ఏమిటని అడిగింది. స్వతంత్రం వచ్చిందమ్మా అన్నాడాయన.

"అయితే నన్ను వాగు పక్క తోటలోకి ఎల్లనిస్తారేటి?"

కిరాణి జెండా వైపు చూశాడు. ఇంకా లేదమ్మా అన్నాడు చివరికి. ఆవిడ చేతిలో మిఠాయి అలాగే కరిగిపోయింది.

అటు తరవాత మా ప్రాంతంలో ఆంక్షలు సడలాయి. గేటు దగ్గర తనిఖీ పోయింది. అప్పుడే రెండు కబుర్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మొదటిది, అడవిలో నుంచి వచ్చి లొంగిపోయిన ఒకతను పోలీసులకు చెప్పిన మాట. కడియం పెట్టుకున్న తోట మనిషి ఒకణ్ణి తనవాళ్ళు చంపారని, వాగు మలుపు దగ్గర పాతిపెట్టారని, ఒంటి మీది వస్తువు ఏదీ తియ్యలేదని. రెండో కబురు, ఆ పాత తోటను పడగొట్టి, నేల చదును చేసి, కొత్త రబ్బరు మొక్కలు నాటబోతున్నారని.

ఇన్‌స్పెక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడాడు. అన్న మీద అడవిలోవాళ్ళకు ఏదో అనుమానం వచ్చి ఉంటుందని చెప్పబోయాడు. వదిన ఆపేసింది. "ఎందుకు సంపినారో నాకొద్దు దొరా. ఎక్కడెట్టినారో సూపించండి, సాలు."

వాగు ఆ తోటలో ఒక్క చోట కాదు, పాములా ఎన్నో చోట్ల మలుపు తిరుగుతుంది. ఏ మలుపో ఆ లొంగిపోయినతను చెప్పలేకపోయాడు. గడ్డి మనిషెత్తు పెరిగింది. నేనూ వదినా గునపంతో అక్కడక్కడ పొడిచి చూసి, రెండు ఆదివారాలకే చతికిలబడ్డాం. అప్పుడు నాకు సిపాయిల మెషిను గుర్తుకొచ్చింది. నేలలో పాతిన ఇనుమును కనిపెట్టడానికి వాళ్ళు కర్ర చివర పళ్ళెంలాంటిది కట్టుకొని, చెవులకు గొట్టాలు తగిలించుకొని నడవడం చిన్నప్పుడు చూశాను. పటాలం వదిలేసిన అలాంటి మెషిన్లు ఇపోలో పాతసామాన్ల దుకాణంలో ఉంటాయని మా వర్క్‌షాపులో చెప్పారు. వదిన ఇంట్లో ఉన్న ఒక్క ఆవును అమ్మేసి, కడియాన్ని కొంగున కట్టుకొని నాతో బస్సెక్కింది.

దుకాణం తౌకే, అంటే యజమాని, ముసలి చీనావాడు. యుద్ధంలో జపానువాళ్ళు ఏలిన కాలంలో పాతిపెట్టిన నగల కోసం ఇలాంటివాళ్ళు చాలామంది వస్తుంటారు కాబోలు, నవ్వుతూ మలాయిలో, "చారి ఆపా?" అన్నాడు. ఏం వెతుకుతున్నావని.

"లాకి సాయా" అంది వదిన. నా మొగుణ్ణి.

తౌకే నవ్వు ఆగిపోయింది. మాకు స్టూళ్ళు వేయించి, కాసేపు తన లెక్కల పూసలను ఊరికే ఇటూ అటూ జరిపాడు. తరవాత మెల్లగా, "బెరాపా దాలమ్?" అని అడిగాడు. ఎంత లోతు?

మా వదిన ఎవరు ఏమడిగినా తడుముకోదు. ఆ ఒక్కసారి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. నా వైపు చూసింది. తన మనిషిని ఎంత లోతున పెట్టారో ఆ క్షణం దాకా ఆవిడ ఆలోచించి ఉండదు. నేనూ ఆలోచించలేదు. వీధిలో ఎవరో పళ్ళు అమ్ముకుంటూ కేకవేస్తున్నాడు. తౌకే తనే అందుకొని, తొందరలో పాతేవాళ్ళు లోతుగా తవ్వరమ్మా అన్నాడు. ఆవిడ ఆ మాటను రెండు చేతులతో అందుకున్నట్టు తల ఊపింది.

దుకాణంలో మూడు మెషిన్లు ఉన్నాయి. పెద్ద పళ్ళెం, పెద్ద పెట్టె ఉన్నదాన్ని నేను చూపించాను. పెద్దదైతే బాగా పనిచేస్తుందని నా లెక్క. తౌకే ఒప్పుకోలేదు. ఇక్కడ దుకాణంలో అన్నీ మోగుతాయి, వెతకబోయే చోటి మట్టి ఒక సంచెడు తెండి, ఆ తరవాతే కొనండి అని మమ్మల్ని వెనక్కి పంపేశాడు. మరుసటి వారం వదిన వాగు ఒడ్డున ఎర్రమట్టి గోనెలో నింపి, బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చింది. కండక్టరు కింద పెట్టమన్నా పెట్టలేదు.

ఆ మట్టిని చెక్కపెట్టెలో పోసి, ముందు ఏమీ పెట్టకుండా చూశాం. నేను చూపించిన పెద్ద మెషిను ఒట్టి ఎర్రమట్టికే గీ మని అరిచింది. మా కొండవైపు మట్టిలోనే ఇనుము కలిసి ఉంటుందని తౌకే చెప్పాడు. రెండోది తేలిగ్గా ఉంది గానీ, దాని బ్యాటరీ ఇప్పుడెక్కడా దొరకదు. మూడోది మధ్యరకం. పెట్టెను భుజాన వేలాడేసుకోవచ్చు. రేడియో దుకాణంలో దొరికే బ్యాటరీతో పనిచేస్తుంది. మట్టి మీద ఆడిస్తే తుమ్మెదలా సన్నగా ఒకే శ్రుతిలో రొద చేసింది. అప్పుడు వదిన కొంగు విప్పి కడియం ఇచ్చింది. పెట్టె అడుగున పెట్టి మట్టి కప్పాం. జానెడు మట్టి కింద శ్రుతి మారింది. ఇంకా మట్టి పోశాం. రెండు జానల దగ్గర సన్నగా, ఉందా లేదా అన్నట్టు వినిపించింది. ఆ పైన వినిపించలేదు. చెవుల గొట్టాలు పెట్టుకొని వదిన ఆ సన్నటి మార్పును మళ్ళీ మళ్ళీ విన్నది. ఇదే ఇప్పించు బాబూ అంది. తౌకే బేరం ఆడనివ్వలేదు, తనే తగ్గించాడు. బరువు మొయ్యగలవా అని అడిగితే, "బోలే లా", మొయ్యగలనులే, అని భుజానికెత్తుకుంది.

ఆ రోజు నేర్చుకున్నదాన్నే ఆవిడ ఆ తరవాత అందరికీ చెప్పేది. ఈమధ్య బాగన్ దాతుక్ నుంచి ఒక కుర్రాడు, నాయనమ్మ పాతిపెట్టిన ఇత్తడి బిందెల కోసం మెషిను కొనాలని సలహాకి వచ్చాడు. ఏది మంచిదని అడిగాడు. ముందు నీ మన్ను పట్టుకెళ్ళి దాని మీద సూడు, పెద్దది కాదు, సాయంత్రం దాకా మొయ్యగలిగింది కొను అంది. ఇంకొకటి కూడా అడిగింది: "మోగిన పెతీసారీ తవ్వే ఓపికుందా నీకు? అది లేకపోతే ఏదీ కొనకు." బ్యాటరీని రాత్రి మెషినులో ఉంచొద్దని, చెమ్మకు కారిపోతుందని మరీ మరీ చెప్పి పంపింది. ఆసుపత్రిలో నన్ను ఆఖరున అడిగిన ప్రశ్న కూడా అదే. బ్యాటరీ తీసి పెట్టినావా బాబూ అని.

ఆ ఓపిక ఎంత కావాలో మాకు మొదటిరోజే తెలిసింది. రబ్బరు తోటలో ప్రతి చెట్టుకూ పాలు కారే రేకు ముక్క ఉంటుంది, చిప్పను పట్టే తీగ ఉంటుంది. ఏళ్ళ తరబడి ఊడిపోయినవన్నీ నేలలోనే ఉన్నాయి. అడుగడుక్కీ మోగింది. మోగిన ప్రతి చోటా తవ్వాం. రేకు, తీగ, మేకు, తుపాకీ తూటా తొడుగు, మళ్ళీ రేకు. వదిన కాలి మెట్టెలకు కూడా మెషిను పలికేది. అందుకని తోటలో అడుగుపెట్టే ముందు మెట్టెలు తీసి కొంగున ముడివేసుకొనేది. ఇంటికి బయల్దేరేటప్పుడు వాగులో కాళ్ళు కడుక్కొని మళ్ళీ పెట్టుకొనేది. పొద్దుట చెట్లు గీసి, మధ్యాహ్నం నుంచి పొద్దు వాలే దాకా అదే పని. ఆదివారాలు నేను వచ్చి తవ్వేవాణ్ణి. ఆవిడ చేతులు బొబ్బలెక్కి, పగిలి, మళ్ళీ గట్టిపడ్డాయి. మనిషి సగమైపోయింది. తోట అవతలి కొసన చెట్లు పడగొట్టడం మొదలైంది. బుల్‌డోజరు రొద రోజూ కొంచెం దగ్గరగా వినిపించేది.

ఒక ఆదివారం, పెద్ద వెదురుపొద ఉన్న మలుపులో, వదిన నిలబడిపోయింది. చెయ్యెత్తి నన్ను కదలొద్దంది. మళ్ళీ మళ్ళీ ఆడించి చూసి, గొట్టాలు తీసి నా చెవులకు పెట్టింది. రేకు ముక్క మోతలా లేదు. మెత్తగా, పొడుగ్గా ఉంది. గునపం పక్కన పెట్టి ఇద్దరం చేతులతో తవ్వాం. ముందు ఎముక తగిలింది. వదిన నోట్లో కొంగు కుక్కుకుంది. తరవాత బెల్టు బిళ్ళ బయటపడింది. గుండీలు. తుప్పుపట్టిన తలపిన్నులు, ఆడపిల్లలు పెట్టుకునేవి.

మా అన్న కాదు. అడవిలోవాళ్ళ పిల్ల ఎవరో.

మా వదిన అరవగా నేను చూసింది ఆ ఒక్కసారే. నేలను రెండు చేతులతో బాదింది. "నా మొగుణ్ణి దాసీసి దీన్ని సూపిస్తావేటి నాకు" అని ఆ మట్టినే తిట్టింది. ఆ పిల్లనూ తిట్టింది. మావాణ్ణి చంపినవాళ్ళలో ఇదీ ఉందేమో అంది. నేను పూడ్చేసి వెళ్ళిపోదామన్నాను. లొంగిపోయినతను చెప్పిన మలుపు ఇదేనేమో, అతను చూసింది ఈ గొయ్యినేనేమో అన్న ఆలోచన ఇద్దరికీ ఒక్కసారే వచ్చినట్టుంది. అదే నిజమైతే ఇక అన్న ఎక్కడున్నాడో చెప్పేవాడే లేడు. చివరికి ఆవిడ ఆ తలపిన్నులు ఏరి, మట్టి తుడిచి, అరచేతిలో పెట్టుకొని చూసింది.

"ఈల్లమ్మ కూడా ఎతుకుతుంటాది బాబూ. పోలీసోల్లకి కబురు సెప్పు."

పోలీసులు ఎముకలు తీసుకెళ్ళారు. ఆ పిల్ల ఎవరో కనుక్కున్నారు. కొన్ని వారాలకు ఒక చీనా ఆవిడ, మా వదిన వయసే, బస్సు దిగి దారి అడుక్కుంటూ తోటలోకి వచ్చింది. నల్ల పైజామా, తలకు తువ్వాలు. మేము తవ్వుతున్న చోటికి వచ్చి దూరంగా నిలబడింది. వదిన పనాపి, ఆమెను వెదురుపొద దగ్గరికి తీసుకెళ్ళి, ఆ గుంట చూపించింది. ఆ తల్లి గుంట పక్కన కూర్చొని, కొంచెం మట్టి తీసి రుమాలులో కట్టుకుంది. ఏడవలేదు. లేచి, వచ్చీరాని మలాయిలో, మీరెవరి కోసం వెతుకుతున్నారని అడిగింది. వదిన చెప్పింది. ఎవరు చంపారని ఆమె అడగలేదు. అడగనక్కర్లేకపోయింది. తన కూతురి తరఫువాళ్ళేనని ఆమెకు తట్టినట్టు ముఖం చూస్తే తెలిసింది.

తరవాతి ఆదివారం ఆమె మళ్ళీ వచ్చింది, భుజాన తన పార వేసుకొని. చాలాసేపు ఒకరికొకరు ఎడంగా పనిచేశారు. మెషిను మోగినప్పుడు నేను వాగు అవతల ఉంటే, ఆ తల్లి వచ్చి తవ్వింది. రేకు ముక్క. పక్కన పారేసి వదిన ముఖంలోకి చూసింది. వదిన ఇంకో అడుగు ముందుకేసి మెషిను ఆడించింది. అలా ఎన్నో ఆదివారాలు. వాళ్ళిద్దరూ మాట్లాడుకోగా నేను విన్నది చాలా తక్కువ.

బుల్‌డోజరు వాగు దాకా వచ్చేసింది. వదిన తోట దొర బంగళాకు వెళ్ళి, మెట్ల కింద నిలబడి, కొన్నాళ్ళు ఆపమని అడిగింది. ఆయన ఒక వారం ఆపాడు. వారంలో ఏమవుతుంది? ఆ తరవాత బుల్‌డోజరు నడిపే మలాయి అతను తన తిండివేళకు యంత్రాన్ని దూరంగా తీసుకెళ్ళి ఆపేవాడు, ఆ ఇనుముకు మా మెషిను మోగకుండా. ఆ కాస్త వ్యవధిలో వదిన తిరగబడ్డ మట్టి మీద పరుగులాంటి నడకతో వెతికేది. వేళ్ళతో పెళ్ళగించిన చెట్లు కుప్పలుగా తగలబడుతుండేవి. పొగకు కళ్ళు కనిపించేవి కావు. చెవులకు గొట్టాలు పెట్టుకొని ఆవిడ ఆ పొగలోకి వెళ్ళిపోతుంటే, ఇక రాదేమో అని నాకు భయమేసేది.

దొరకలేదు. వాగు మలుపుల పక్క నేలంతా చదునైపోయింది. ఏ మట్టి ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో తెలియదు. చివరిరోజు సాయంత్రం వదిన వాగులో కాళ్ళు కడుక్కుంది. మెషిను నా చేతికిచ్చింది. కొంగు ముడి మీద చెయ్యి పెట్టి, విప్పలేదు. మెట్టెలు కాళ్ళకు పెట్టుకోకుండానే ఇంటిదారి పట్టింది. వెనక నడుస్తూ ఆ ఒట్టి కాళ్ళ వేళ్ళు చూసి నాకు సంగతి తెలిసింది. పెద్దలు ఏళ్ళ తరబడి చెప్పినా ఒప్పుకోనిది, ఎవరూ అడగని రోజున తనే చేసుకుంది. దర్భలతో మనిషి బొమ్మ చేసి అన్నకు కర్మ చేశాం.

తరవాత చాలామంది వచ్చారు ఆవిడ దగ్గరికి, తప్పిపోయినవాళ్ళ కోసం, పాతిపెట్టినవాటి కోసం. ఎవరినీ కాదనలేదు. కొందరికి దొరికాయి. దొరికినప్పుడు ఆవిడ సంతోషించేది. ఆ సంతోషం చూడటం కష్టంగా ఉండేది.

అన్నకు కర్మ చేసి ఏడాది తిరిగింది. పాత తోట నిండా మోకాలెత్తు రబ్బరు మొక్కలు, గీత గీసినట్టు వరసలు. సంవత్సరీకం నాడు వదిన కుండతో నీళ్ళు తీసుకొని అక్కడికి బయల్దేరింది. నేనూ వెళ్ళాను. ఆ తల్లికి ఎవరు చెప్పారో, ఆమె కూడా వచ్చి గట్టు మీద నిలబడి ఉంది. నీళ్ళు ఎక్కడ వదలాలో వదినకు తెలియలేదు. కాసేపు అటూ ఇటూ చూసి, మొదటి మొక్క మొదట్లో కొంచెం పోసింది. రెండోదానికి కొంచెం. అలా వంగుతూ, లేస్తూ వరస వెంట వెళ్ళింది. వరస సగానికి రాకముందే కుండ ఖాళీ అయింది. ముందర ఇంకా మొక్కలు, ఆ వెనక ఇంకా వరసలు, కనుచూపుమేర. వదిన ఖాళీ కుండ పట్టుకొని అలాగే నిలబడిపోయింది. అప్పుడు ఆ తల్లి గట్టు దిగి వచ్చి, ఆవిడ చేతిలోంచి కుండ అందుకొని, పైజామా మోకాళ్ళ దాకా మడిచి, నీళ్ళ కోసం వాగులోకి దిగింది.